థలసీమియా నుంచి మేనరికం దాకా: బీజగణితం, సంభావ్యతలతో వంశపారంపర్య లక్షణాలను లెక్కగట్టడం

"మా ఇంటా వంటా లేదండీ." థలసీమియా మేజర్‌తో పుట్టిన బిడ్డ తల్లిదండ్రుల నోట తరచూ వినిపించే మాట ఇది. థలసీమియా అంటే రక్తంలో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని వంశపారంపర్య వ్యాధి, మేజర్ అంటే దాని తీవ్ర రూపం. నిజానికి ఆ జబ్బు జన్యువు రెండు వైపులా ఉంది, పైకి కనిపించలేదంతే. ఆ జన్యువుకున్న రెండు ప్రతుల్లో (నకళ్లలో) ఒక్కటే దెబ్బతిన్నవాళ్లు మామూలుగానే తిరుగుతారు, చదువుకుంటారు, పెళ్లిళ్లు చేసుకుంటారు. రెండు ప్రతులూ దెబ్బతిన్న బిడ్డకు మాత్రం చాలావరకు రెండేళ్లు నిండేలోపే రక్తం ఎక్కించాల్సి వస్తుంది. కనిపించని ఆ ప్రతి ఎవరిలో ఉండవచ్చో, ఎంత సంభావ్యతతో ఉండవచ్చో కట్టే లెక్కకు కాలిక్యులస్ అక్కర్లేదు. భిన్నాల గుణకారం, (అ + ఆ)² సూత్రం, ఇంటర్ స్థాయి సంభావ్యత తెలిస్తే సరిపోతుంది.

ఈ లెక్కల్లో గుణకారం తప్పేవాళ్లు తక్కువ. ఏం తెలుసో ముందు రాసుకోకపోవడమే అసలు పొరపాటు. అదే మనిషికి ఉదయం 1/2 అని వేసిన సంఖ్య, ఒక చిన్న సమాచారం చేరగానే 2/3 అవుతుంది, రక్తపరీక్ష రిపోర్టు రాగానే 1 గానో సున్నాకు దగ్గరగానో మారిపోతుంది. అందుకే ప్రతి సంఖ్య పక్కనా "ఏం తెలిసి ఈ సంఖ్య వేశాం" అని రాయడం అలవాటు చేసుకోవాలి.

ఏ లక్షణాలకు ఈ లెక్క పనికొస్తుంది?

ఒకే జన్యువు వల్ల వచ్చే లక్షణాలకు మాత్రమే. బీటా థలసీమియా, సికిల్ సెల్ రక్తహీనత, హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టకపోవడం), ఎరుపు-ఆకుపచ్చ వర్ణాంధత్వం, ఆల్బినిజం, ఏబీఓ రక్త గ్రూపులు, ఆర్‌హెచ్ గ్రూపు ఈ కోవలోకి వస్తాయి. ఎత్తు, చర్మం రంగు, మధుమేహం, రక్తపోటు రావు. వాటి వెనుక ఎన్నో జన్యువులుంటాయి, వాటికి తోడు తిండీ పరిసరాలూ ఉంటాయి. పాఠ్యపుస్తకాల్లో ఇష్టంగా చెప్పే నాలుక మడతపెట్టడం, చెవితమ్మె అతుక్కుని ఉండటం కూడా నిజానికి ఒకే జన్యువు లక్షణాలు కావు. వాటితో లెక్క కట్టి "ఈ బిడ్డ మీకెలా పుట్టింది" అనేదాకా వెళ్లినవాళ్లున్నారు. ఆ ఉదాహరణలను తరగతి గదిలో కూడా వాడకపోవడమే మంచిది.

మొదటి మెట్టు: వంశవృక్షం గీయడం

మగవారికి చదరం, ఆడవారికి వృత్తం, జబ్బు ఉన్నవారికి నిండుగా రంగు, వాహకులని (ఒక్క ప్రతే దెబ్బతిని, జబ్బు లేనివారని) తేలినవారికి సగం రంగు. దంపతుల మధ్య ఒక గీత. వాళ్లు పెళ్లికి ముందే రక్తసంబంధులైతే జంట గీత. కనీసం మూడు తరాలు గీయాలి. చిన్నతనంలో పోయిన పిల్లలనూ, నిలవని గర్భాలనూ వదిలేయకూడదు.

తెలుగిళ్లలో ఇక్కడే ఒక చిక్కుంది. "మా అన్న" అంటే సొంత అన్న కావచ్చు, పెదనాన్న కొడుకు కావచ్చు, పెద్దమ్మ కొడుకు కూడా కావచ్చు. "మేనమామ కూతుర్నే చేసుకున్నాను" అన్నప్పుడు సొంత మేనమామా, వరసకు మేనమామా అని అడిగి తీరాలి. తల్లి కచ్చితంగా వాహకురాలైతే ఆమె సొంత తమ్ముడు వాహకుడయ్యే అవకాశం 1/2. ఆ "తమ్ముడు" ఆమె చిన్నాన్న కొడుకైతే అది 1/8కి పడిపోతుంది. ఒక్క ప్రశ్న అడగకపోతే సమాధానం నాలుగు రెట్లు తప్పుతుంది.

రెండో మెట్టు: అక్షరాలు పెట్టి గుణించడం

బీటా గ్లోబిన్ జన్యువు 11వ క్రోమోజోముపై ఉంటుంది. ప్రతి మనిషికీ రెండు ప్రతులు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. మంచి ప్రతిని "బ" అనీ, థలసీమియా ప్రతిని "థ" అనీ రాద్దాం. బబ అంటే మామూలు మనిషి, బథ అంటే వాహకులు (రిపోర్టుల్లో థలసీమియా మైనర్ లేదా ట్రెయిట్ అని ఉంటుంది), థథ అంటే మేజర్.

వాహకుడు తన బిడ్డకు బ ఇచ్చే అవకాశం సగం, థ ఇచ్చే అవకాశం సగం. దీన్ని ½బ + ½థ అని రాస్తాం. ఇద్దరూ వాహకులైతే:

(½బ + ½థ) × (½బ + ½థ) = ¼బబ + ½బథ + ¼థథ

గళ్లు గీసి నింపే పనెట్ పట్టిక చేసేదీ ఇదే. మధ్య పదం ½ ఎందుకైందో గమనించండి. తల్లి బ, తండ్రి థ ఒక దారి; తల్లి థ, తండ్రి బ రెండో దారి. (అ + ఆ)²లో 2అఆ వచ్చేదీ ఈ కారణంగానే.

ఒకరే వాహకులైతే: (½బ + ½థ) × బ = ½బబ + ½బథ. బిడ్డకు మేజర్ రాదు, వాహకమయ్యే అవకాశం మాత్రం సగం. ఒకరు మేజర్ రోగి, మరొకరు వాహకులైతే సగం బథ, సగం థథ.

ఇప్పుడు మన దగ్గర చాలామంది బోల్తాపడే చోటు. అబ్బాయికి సికిల్ సెల్ వాహకం, అమ్మాయికి థలసీమియా వాహకం అని తేలితే "ఇద్దరివీ వేరువేరు జబ్బులు కదా, ఫర్వాలేదు" అనుకుంటారు. సికిల్ ప్రతి "స" కూడా అదే బీటా గ్లోబిన్ జన్యువుకు మరో రూపం. కాబట్టి:

(½బ + ½స) × (½బ + ½థ) = ¼బబ + ¼బథ + ¼బస + ¼సథ

చివరి సథ ఆరోగ్యవంతమైన కలయిక కాదు, అది సికిల్-బీటా థలసీమియా. థ రూపంలో మంచి గ్లోబిన్ బొత్తిగా తయారవకపోతే జబ్బు తీవ్రత సికిల్ సెల్ రక్తహీనతకు దీటుగా ఉంటుంది. కాబట్టి పేర్లు పక్కనపెట్టి, రెండూ ఒకే జన్యువుకు చెందినవా కావా అన్నది ముందు చూడాలి. ఆల్ఫా థలసీమియా సంగతి వేరు, దాని జన్యువులు 16వ క్రోమోజోముపై ఉన్నాయి.

మూడో మెట్టు: రెండు లక్షణాలు కలిసినప్పుడు

రెండు జన్యువులు వేరువేరు క్రోమోజోములపై ఉంటే 16 గళ్ల పట్టిక గీయనక్కర్లేదు. విడివిడిగా సంభావ్యతలు కట్టి గుణించాలి. ఏబీఓ జన్యువు 9వ క్రోమోజోముపై, ఆర్‌హెచ్ జన్యువు 1వ క్రోమోజోముపై ఉన్నాయి. తండ్రి ఏ పాజిటివ్, తల్లి బీ పాజిటివ్. వాళ్ల జన్యురూపాలు ఏఓ, బీఓ అనీ, ఆర్‌హెచ్‌లో ఇద్దరిలోనూ ఒక నెగటివ్ ప్రతి దాగి ఉందనీ తెలుసనుకుందాం. ఓ గ్రూపు బిడ్డకు 1/4, నెగటివ్‌కు 1/4. ఓ నెగటివ్ బిడ్డ పుట్టే అవకాశం 1/4 × 1/4 = 1/16. ఏబీ పాజిటివ్‌కు 1/4 × 3/4 = 3/16.

ఈ గుణకారాన్ని మొదట పరీక్షించి చూపింది మెండెల్. 1866లో అచ్చయిన తన బఠానీ పరిశోధనలో రెండు లక్షణాలున్న 556 గింజలను లెక్కపెట్టాడు. గుండ్రటి పసుపు 315, గుండ్రటి ఆకుపచ్చ 108, ముడతల పసుపు 101, ముడతల ఆకుపచ్చ 32. ¾ × ¾, ¾ × ¼, ¼ × ¾, ¼ × ¼ అని గుణిస్తే వచ్చే 9:3:3:1 ప్రకారం రావాల్సినవి 312.75, 104.25, 104.25, 34.75. ఒకే క్రోమోజోముపై దగ్గరగా ఉన్న జన్యువులకు మాత్రం ఈ సూత్రం పనిచేయదు, అవి జతగా సంక్రమిస్తాయి.

నాలుగో మెట్టు: ఒకరికి మించి పిల్లలున్నప్పుడు

"నలుగురిలో ఒకరికి వస్తుందన్నారు. మొదటి బిడ్డకు వచ్చేసింది కాబట్టి మిగతా ముగ్గురికీ భయం లేదు" అన్న మాట డాక్టర్ చెప్పినదాన్ని తప్పుగా విన్నందువల్ల వస్తుంది. ప్రతి గర్భమూ కొత్త పందెమే. మునుపటి బిడ్డకు ఏమైందో అండానికీ వీర్యకణానికీ తెలియదు. ప్రతిసారీ 1/4.

వాహక దంపతులకు ముగ్గురు పిల్లలైతే, ద్విపద సిద్ధాంతం ప్రకారం (¾ + ¼)³ను విస్తరించాలి:

ఎవరికీ రాకపోవడం: 27/64
ఒక్కరికే రావడం: 3 × ¼ × 9/16 = 27/64
ఇద్దరికి: 3 × 1/16 × ¾ = 9/64
ముగ్గురికీ: 1/64

కనీసం ఒకరికి వచ్చే అవకాశం 1 − 27/64 = 37/64, అంటే సుమారు 58 శాతం. "కనీసం" అన్న మాట ఎక్కడ కనబడినా 1 లోంచి తీసివేయడమే దగ్గరి దారి.

దీనికి అవతలి వైపున్న ఉచ్చు ఇంకా సూక్ష్మమైంది. ఆసుపత్రికి వచ్చిన కుటుంబాలను లెక్కపెడితే జబ్బున్న పిల్లల నిష్పత్తి 1/4 కాకుండా చాలా ఎక్కువ కనబడుతుంది. ఇద్దరేసి పిల్లలున్న 16 వాహక జంటలను తీసుకోండి. సగటున 9 ఇళ్లలో ఎవరికీ రాదు, 6 ఇళ్లలో ఒకరికి వస్తుంది, 1 ఇంట్లో ఇద్దరికీ వస్తుంది. మొదటి 9 కుటుంబాలూ ఆసుపత్రి గడప తొక్కవు. వచ్చిన 7 ఇళ్లలో 14 మంది పిల్లలు, జబ్బున్నవాళ్లు 8 మంది, అంటే 57 శాతం! సిద్ధాంతం తప్పేమీ కాలేదు. ఏ ఇళ్లను లెక్కపెట్టామన్నది సంఖ్యను మార్చింది. సవరించిన సూత్రం: ¼ను (1 − (¾)ⁿ)తో భాగించాలి, ఇక్కడ ⁿ అంటే పిల్లల సంఖ్య. విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టుల్లో ఈ సవరణ లేకపోవడమే ఎక్కువ.

ఐదో మెట్టు: ఆరోగ్యంగా ఉన్న తోబుట్టువుకు 2/3, సగం కాదు

చెల్లెలు థలసీమియా మేజర్. అన్న ఆరోగ్యంగా ఉన్నాడు. అతను వాహకుడయ్యే అవకాశం ఎంత? ఎక్కువమంది సగం అంటారు. పుట్టకముందు అడిగితే అది సరైన జవాబే. ఇప్పుడు అతనికి మేజర్ లేదని మనకు తెలుసు. కాబట్టి నాలుగు గళ్లలో థథ గడిని కొట్టేయాలి. మిగిలినవి మూడు, వాటిలో బథ గళ్లు రెండు. బీజగణితంగా ½ ÷ ¾ = 2/3.

మెండెల్ దీన్నీ సరిచూశాడు. గుండ్రటి గింజల నుంచి పెంచిన 565 మొక్కల్లో 193 గుండ్రటి గింజలే ఇచ్చాయి, 372 రెండు రకాలూ ఇచ్చాయి. 372/565 అంటే 0.658.

ఈ అన్న బంధుత్వం లేని అమ్మాయిని పెళ్లాడాడనుకుందాం. భారతదేశంలో బీటా థలసీమియా వాహకులు సగటున 3 నుంచి 4 శాతం. 4 శాతం అనుకుంటే ఆమె వాహకమయ్యే అవకాశం 1/25. వారి బిడ్డకు మేజర్ వచ్చే అవకాశం:

2/3 × 1/25 × 1/4 = 1/150

అదే అబ్బాయి సొంత మేనమామ కూతుర్ని చేసుకుంటే? చెల్లెలికి మేజర్ వచ్చిందంటే తల్లి వాహకురాలన్నది నిశ్చయం, అంటే 1. ఆమెలోని థ ప్రతి ఆమె తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చింది కాబట్టి ఆమె తమ్ముడికి 1/2, అతని కూతురికి 1/4.

2/3 × 1/4 × 1/4 = 1/24

మేనత్త కూతురైనా ఇంతే, తండ్రి కూడా నిశ్చయంగా వాహకుడే కాబట్టి. ఆరోగ్యంగా ఉన్న అక్క కూతుర్ని చేసుకుంటే అక్కకు 2/3, ఆమె కూతురికి 1/3, బిడ్డకు 2/3 × 1/3 × 1/4 = 1/18. ఈ మూడు లెక్కల్లోనూ బయటి నుంచి వచ్చిన కోడళ్లు, అల్లుళ్లు వాహకులు కారనుకున్నాం. ఆ 1/25నూ కలిపితే సంఖ్యలు ఇంకాస్త పెరుగుతాయి, తగ్గవు.

ఆరో మెట్టు: ఇంట్లో జబ్బు ఎవరికీ లేకపోయినా మేనరికం లెక్క

దీనికి అంతఃప్రజనన గుణకం కావాలి. బిడ్డకు ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి ఒకే ప్రతి నుంచి దిగివచ్చే సంభావ్యత అది. కట్టే పద్ధతి ఇలా: బిడ్డ తల్లి నుంచి బయలుదేరి ఉమ్మడి పూర్వీకుడి దాకా ఎక్కి, అటువైపు బిడ్డ తండ్రి దాకా దిగాలి. దారిలోని మనుషులను (పూర్వీకుడితో సహా, బిడ్డను వదిలి) లెక్కపెట్టి ½ను అన్నిసార్లు గుణించాలి. ప్రతి ఉమ్మడి పూర్వీకుడికీ ఇలా చేసి కూడాలి.

సొంత మేనమామ కూతురితో పెళ్లయితే దారి: భార్య, ఆమె తండ్రి, తాత, భర్త తల్లి, భర్త. ఐదుగురు, 1/32. అమ్మమ్మ ద్వారా మరో 1/32. మొత్తం 1/16.

అక్క కూతురితో పెళ్లయితే: భార్య, ఆమె తల్లి, తాత, భర్త. నలుగురు, 1/16. అమ్మమ్మతో కలిపి 1/8.

కుండమార్పిడి పెళ్లిళ్ల సంగతి చాలామంది మరిచిపోతారు. ఒక ఇంటి అన్నాచెల్లెళ్లకు మరో ఇంటి అన్నాచెల్లెళ్లతో పెళ్లిళ్లయ్యాయి. ఆ రెండు జంటల పిల్లలు పెళ్లి చేసుకుంటే అమ్మాయి అబ్బాయికి మేనమామ కూతురూ అవుతుంది, మేనత్త కూతురూ అవుతుంది. ఉమ్మడి పూర్వీకులు నలుగురు. 4 × 1/32 = 1/8. వరసకు బావామరదళ్లే అయినా లెక్కలో మేనమామ–మేనకోడలి పెళ్లితో సమానం. తరతరాలుగా మేనరికాలు జరిగిన ఇంట్లో అదనపు దారులన్నీ వెతికి కలపాలి. ఒక్క తరమే చూస్తే గుణకం తక్కువగా వస్తుంది.

గుణకం "గ" అనుకుందాం. జనాభాలో చెడు ప్రతి వాటా "క్యూ" అయితే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం:

క్యూ² + గ × క్యూ × (1 − క్యూ)

క్యూ 0.02 అయితే మామూలు పెళ్లిలో 0.0004, అంటే 10,000కు 4. మేనమామ కూతురితో అయితే 0.0004 + 0.0625 × 0.0196 = 0.001625, పదివేలకు 16, సుమారు నాలుగు రెట్లు. అక్క కూతురితో అయితే 0.00285, ఏడు రెట్లు. అదే మరీ అరుదైన జబ్బు, క్యూ 0.001 అనుకోండి. మామూలుగా పది లక్షలకు ఒకటి, మేనరికంలో 63. జబ్బు ఎంత అరుదైతే ముప్పు అన్ని ఎక్కువ రెట్లు పెరుగుతుంది. "63 రెట్లు" అని భయపెట్టేవాళ్లు పది లక్షలకు 63 అన్న సంగతి చెప్పరు. "మా ఊళ్లో అందరూ మేనరికాలే, అందరూ బాగున్నారు" అనేవాళ్లు అరుదైన జబ్బులు ఒకటి రెండు కావనీ, వాటన్నిటి ముప్పూ కలిపి చూడాలనీ మరిచిపోతారు. రెండు సంఖ్యలూ చెప్పాలి, ఎన్ని రెట్లన్నదీ, అసలు సంఖ్యా.

ఆంధ్రప్రదేశ్‌లోని మేనరికాలపై తొలి జన్యుశాస్త్ర అధ్యయనాల్లో కొన్ని, భారతదేశానికి వచ్చి స్థిరపడ్డ బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు 1960లలో చేసినవి.

ఏడో మెట్టు: ఎక్స్ క్రోమోజోము లక్షణాలు

ఆడవారికి ఎక్స్ రెండు, మగవారికి ఒక్కటే. అందువల్ల మగవారిలో వర్ణాంధత్వం, హీమోఫీలియా దాక్కోలేవు. యూరప్ జనాభాల్లో ఎరుపు-ఆకుపచ్చ వర్ణాంధత్వం మగవారిలో 8 శాతం దాకా ఉంటుంది. ఆడవారికి రెండు ప్రతులూ కావాలి కాబట్టి 0.08 × 0.08 = 0.0064, అర శాతానికి కాస్త ఎక్కువ. వాస్తవంగా కనిపించేది కూడా అర శాతం దరిదాపుల్లోనే.

రెండు సూత్రాలు గుర్తుంచుకోవాలి. తండ్రి తన ఎక్స్‌ను కొడుకుకు ఇవ్వడు, కూతుళ్లందరికీ ఇస్తాడు. కాబట్టి వంశవృక్షంలో తండ్రి నుంచి కొడుక్కి వెళ్లే ఏ దారీ ఈ లెక్కలో చెల్లదు. తండ్రి రోగి అయితే కూతురు వాహకురాలన్నది నిశ్చయం, సంభావ్యత 1.

హీమోఫీలియా ఆడపిల్లలకు రాదన్న నమ్మకం మేనమామ పెళ్లిళ్ల దగ్గర తప్పుతుంది. హీమోఫీలియా ఉన్న యువకుడు సొంత అక్క కూతుర్ని చేసుకున్నాడు. అతని తల్లి వాహకురాలైతే అక్కకు 1/2, ఆమె కూతురికి 1/4. పుట్టే ఆడపిల్లకు తండ్రి నుంచి చెడు ఎక్స్ ఎలాగూ వస్తుంది, తల్లి నుంచి కూడా వచ్చే అవకాశం 1/4 × 1/2 = 1/8. మగపిల్లాడికీ 1/8. అయితే హీమోఫీలియాలో దాదాపు మూడో వంతు కేసులకు కుటుంబ చరిత్ర ఉండదు, కొత్త ఉత్పరివర్తనాలు (జన్యువులో కొత్తగా వచ్చే మార్పులు) కారణమవుతాయి. తల్లికి మరో రోగి అయిన కొడుకో, తమ్ముడో ఉంటేనే ఆమెకు 1 అని రాయాలి.

ఎనిమిదో మెట్టు: పుట్టిన పిల్లలు చెప్పే సాక్ష్యం

ఒకామెకు తమ్ముడూ మేనమామా ఇద్దరూ హీమోఫీలియా రోగులు. తల్లి వాహకురాలే, కాబట్టి ఈమెకు 1/2. ఇప్పుడు ఈమెకు ఇద్దరు ఆరోగ్యవంతులైన కొడుకులున్నారు. ఇంకా 1/2 అనడం తప్పు. కొత్త సమాచారంతో పాత సంభావ్యతను సవరించే బేయిస్ సిద్ధాంతాన్ని రెండు వరుసల్లో కట్టవచ్చు:

వాహకురాలైతే: ½ × (½ × ½) = 1/8
కాకపోతే: ½ × 1 = 1/2

కొత్త సంభావ్యత = 1/8 ÷ (1/8 + 4/8) = 1/5. మూడో కొడుకుకు ముప్పు 1/10. ఆరోగ్యవంతులైన కొడుకులు n మంది అయితే సూత్రం 1 ÷ (1 + 2ⁿ). ఆరోగ్యంగా ఉన్న కూతుళ్లను ఇందులో చేర్చకూడదు. తండ్రి మామూలువాడైతే వాళ్లు ఎలాగైనా ఆరోగ్యంగానే ఉంటారు, కాబట్టి వాళ్లు చెప్పే సాక్ష్యమేమీ లేదు. ఒక్క కొడుకుకు జబ్బు ఉన్నా ఈ సూత్రం చెల్లదు, అప్పుడు సంభావ్యత నేరుగా 1.

తొమ్మిదో మెట్టు: జనాభా నుంచి క్యూ తీయడం

పైన 1/25, 0.02 అని వాడిన సంఖ్యలు ఎలా వస్తాయి? 1908లో ఇంగ్లండ్‌లో హార్డీ, జర్మనీలో వైన్‌బర్గ్ విడివిడిగా చూపిన సూత్రం ఇది. హార్డీ అంటే రామానుజన్‌ను కేంబ్రిడ్జికి రప్పించిన ఆ గణితవేత్తే. సూత్రం మళ్లీ (అ + ఆ)². మంచి ప్రతి వాటా పి, చెడు ప్రతి వాటా క్యూ, పి + క్యూ = 1 అయితే:

పి² + 2 × పి × క్యూ + క్యూ² = 1

మొదటిది మామూలువారు, రెండోది వాహకులు, మూడోది రోగులు. ఒక గ్రామంలో 500 మందికి సికిల్ సెల్ పరీక్ష చేశారనుకుందాం: 405 మామూలు, 90 వాహకులు, 5 రోగులు. ప్రతులు మొత్తం 1,000; చెడువి 90 + 5 × 2 = 100. క్యూ = 0.1. సూత్రం ప్రకారం రావాల్సింది 405, 90, 5. సరిగ్గా కుదిరింది, లెక్క సులువుగా ఉండాలని మనం ఎంచుకున్నవే కాబట్టి. నిజ జీవితంలో కుదరకపోతే రెండు కారణాలు ముందుగా చూడాలి. రోగులు తక్కువుంటే చిన్న వయసులోనే చనిపోయి ఉండవచ్చు. ఎక్కువుంటే రక్తసంబంధ వివాహాలో, లోపల్లోపలే పెళ్లిళ్లు చేసుకునే చిన్న గుంపులో ఉండవచ్చు.

వాహకుల శాతం "వ" మాత్రమే తెలిస్తే 2 × క్యూ × (1 − క్యూ) = వ అన్న వర్గసమీకరణాన్ని సాధించాలి. క్యూ = (1 − √(1 − 2వ)) ÷ 2. వ = 0.04 అయితే √0.92 = 0.9592, క్యూ = 0.0204. చిన్న సంఖ్యలకు వ/2 సరిపోతుందని దీన్నిబట్టి తెలుస్తోంది.

మన సమాజంలో ఈ సూత్రం ఎక్కడ మోసం చేస్తుందో ఇప్పుడు చూడండి. కులంలోపలే పెళ్లిళ్లు చేసుకునే రెండు సమాన జనాభాలు. ఒకదానిలో క్యూ 0.04, రెండోదానిలో సున్నా. సగటు 0.02, దాని వర్గం 0.0004. వాస్తవంలో మొదటిదానిలో రోగులు 0.0016, రెండోదానిలో లేరు, కలిపి సగటు 0.0008. సగటు వేసి వర్గం చేస్తే రోగుల సంఖ్య సగానికి పడిపోయింది. వర్గాల సగటు ఎప్పుడూ సగటు వర్గం కన్నా తక్కువ కాదు. అందుకే రాష్ట్ర సగటు, దేశ సగటు చూసి ఒక జంటకు సంఖ్య చెప్పకూడదు. గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్‌కు విడిగా పరీక్షలు జరపడం వెనుక ఉన్నదీ ఈ బీజగణితమే. 2023 జులైలో మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 2047ను గడువుగా పెట్టుకుంది.

పదో మెట్టు: రిపోర్టు వచ్చాక మళ్లీ లెక్క

బీటా థలసీమియా వాహకత్వానికి, రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేస్తారు. హిమోగ్లోబిన్ ఏ2 సాధారణంగా 3.5 శాతం దాటితే వాహకులుగా భావిస్తారు. ఐరన్ లోపం ఏ2ను తగ్గించి చూపించవచ్చు, కాబట్టి 3.3 వంటి అంచు విలువ వచ్చినప్పుడు ఐరన్ లోపాన్ని సరిచేసి మళ్లీ చేయించాలి. ఇటీవల రక్తం ఎక్కించుకున్నవారి రిపోర్టులో దాత రక్తం కూడా కలిసి ఉంటుంది, మూడు నెలలు ఆగాలి. సికిల్ సెల్‌కు చేసే సాల్యుబిలిటీ పరీక్ష వాహకులనూ రోగులనూ వేరుచేసి చూపదు, థలసీమియా వాహకులను అసలు పట్టదు.

ఐదో మెట్టులోని మేనరికం జంటకే వద్దాం. పరీక్షకు ముందు 1/24. అబ్బాయి వాహకుడని తేలింది, 2/3 తీసేసి 1 పెట్టాలి: 1 × 1/4 × 1/4 = 1/16. అమ్మాయి రిపోర్టు మామూలుగా వచ్చింది. ఆ పరీక్ష వాహకుల్లో 95 శాతాన్ని పట్టుకుంటుందనీ, మామూలువారిని పొరపాటున వాహకులనదనీ ఊహిద్దాం.

వాహకురాలై ఉండి తప్పించుకోవడం: 1/4 × 0.05 = 0.0125
వాహకురాలు కాకపోవడం: 3/4 × 1 = 0.75

ఆమె ఇంకా వాహకురాలయ్యే అవకాశం 0.0125 ÷ 0.7625 = 0.0164. బిడ్డకు 0.0164 × 1/4 = 0.0041, సుమారు 244లో 1. ఇదే రిపోర్టు బంధుత్వం లేని అమ్మాయికి వచ్చి ఉంటే మొదటి సంఖ్య 1/25 కాబట్టి 0.002 ÷ 0.962 = 0.0021, బిడ్డకు సుమారు 1,900లో 1. కాగితంపై రెండు రిపోర్టులూ "నార్మల్" అనే ఉంటాయి. మేనరికం జంటకు దాంతో ఆగకుండా బీటా గ్లోబిన్ డీఎన్ఏ పరీక్ష కూడా చేయించమనడానికి కారణం ఈ తేడాయే. అబ్బాయిలో ఏ ఉత్పరివర్తనం ఉందో ముందు కనుక్కుంటే, అమ్మాయిలో దాన్నే నేరుగా వెతకవచ్చు. ఆమె మరో ఉత్పరివర్తనాన్ని తన తల్లి వైపు నుంచి తెచ్చుకుని ఉండవచ్చు, అందుకని జన్యువు మొత్తాన్ని చదివించడం మేలు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ వంటి చోట్ల జన్యు సలహా విభాగాలున్నాయి. గర్భం వచ్చాక వెళ్లేవారు మొదటి నెలల్లోనే వెళ్లాలి. కోరియానిక్ విల్లస్ నమూనా (మావి నుంచి తీసే కణజాలం) 10 నుంచి 12 వారాల మధ్య తీస్తారు, ఉమ్మనీటి పరీక్ష 15 వారాలు దాటాక చేస్తారు, తల్లిదండ్రుల ఉత్పరివర్తనాలు అప్పటికే తెలిసి ఉంటేనే ఆ నమూనాలో ఏం వెతకాలో ల్యాబ్‌కు తెలుస్తుంది.